వాన చూడని బండి

చిచ్చా పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను అమెరికావాడెవరో అమ్మకానికి పెట్టిన ఎర్ర కారు ఫోటోల్లో తుప్పు వెతుకుతున్నాను. పొద్దున టిఫిన్ వేళ. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పక్కింటి చిచ్చా పోయినాడంట మే. చాచీ ఒక్కతే ఉండాది. నేను పోతాండా, నువ్వు గూడా రా" అంది. నేను వెంటనే లేవలేదు. ఫోటోలో కారు తలుపు కింది అంచు దగ్గర రంగు కొంచెం ఉబ్బినట్టుంది. అది లోపలి తుప్పు లేపిన పొక్కా, లేక వెలుగు పడిన తీరా అని సాయంత్రం ఆయన్నే అడుగుదామని అప్పటికే ఆ ఫోటోను ఫోన్లో దాచిపెట్టుకున్నాను. అడగాల్సిన మనిషి లేడన్న సంగతి నాకు తలకెక్కడానికి కొంత సేపు పట్టింది.

వాళ్ల గడప ముందు ఒక ఎర్ర తివాచీ పరిచి ఉంది. వచ్చినవాళ్లంతా దాని మీదే చెప్పులు విడుస్తున్నారు. మామూలు తివాచీ కాదది. అంచులు నాలుగు పక్కలా నాలుగు రకాలుగా కత్తిరించి ఉన్నాయి, మధ్యలో పొడుగునా గూడు కట్టినట్టు ఉబ్బెత్తుగా కుట్టారు. మసీదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని సరిగా పరుద్దామని అటు తిప్పి, ఇటు తిప్పి, ఎటు తిప్పినా నేలకు ఆనకపోయేసరికి వదిలేశాడు. అది దేని మీద పరచడానికి కుట్టిందో ఆ ఇంట్లో చాచీకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన గురించి రాయడమంటే నాకు ఆ తివాచీ గురించి రాయడమే.

చిచ్చా మాకు బంధువు కాదు. కడపలో మా గోడకు అవతలి మనిషి. పిల్లల్లేరు. పాత కార్లు కొనిపించడం, అమ్మించడం ఆయన పని. బ్రోకర్ అంటే ఒప్పుకునేవాడు కాదు. "బ్రోకర్లు ప్లాట్లకుంటారు పాపా. మేము దళారులం. మా నాయన ఎద్దులకు, నేను కార్లకు. అంతే తేడా" అనేవాడు. వాళ్లది ఆలూరు పక్క. మెట్టసేద్యం ఊళ్లు. తొలకరికి ముందు సంతల్లో ఎద్దులు చేతులు మారేవి, ఆ చేతుల మధ్య వాళ్ల నాయన ఉండేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల బేరాలు తగ్గిపోయాక చిచ్చా చాచీ వాళ్ల ఊరైన కడపకు వచ్చి, రాయచోటి రోడ్డులో మా పక్కిల్లు తీసుకుని, దానికి ఆనుకునే ఒక రేకుల షెడ్డు పెట్టుకున్నాడు. ఇన్నేళ్లు కడపలో ఉన్నా డబ్బును "దుడ్లు" అనే అన్నాడు. మా వీధి పిల్లలకు ఆయన దుడ్ల చిచ్చా.

పోయినవాళ్లను నిజాయితీపరులని రాయడం ఆనవాయితీ. చిచ్చాను అలా రాస్తే ఆయనే ముందు నవ్వుతాడు. ఆయన అబద్ధం చెప్పేవాడు కాదు, అంతవరకు నిజం. కానీ నిజంలో ఏ ముక్క ముందు పెట్టాలో, ఏ ముక్క మీద గుడ్డ కప్పాలో ఆయనకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. డాక్టరు కారు అని అమ్మిన బండి నిజంగా డాక్టరుదే. ఆ డాక్టరు డ్రైవరు దాన్ని ఎన్నిసార్లు గుద్దాడన్నది ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

నాకు ఆయన దగ్గరైంది కూడా ఆ విద్య వల్లే. నేను బి.కామ్ చదివి హైదరాబాదులో ఒక ఉద్యోగం, బెంగళూరులో ఇంకొకటి చేసి, రెండింటిలోనూ నిలవక ఇంటికొచ్చి, పాత కార్లు అమ్మే ఒక వెబ్‌సైటుకు ప్రకటనలు రాసే పనిలో చేరాను. ఇంట్లోంచే పని. ప్రకటన ఎలా రాయాలో పట్టుబడడానికి అమెరికావాళ్ల పాత మజిల్ కార్ల ప్రకటనలు చదివేదాన్ని. ఒక సాయంత్రం మిద్దె మీద తిరుగుతూ పైకి చదువుకుంటుంటే, గోడ అవతల బట్టలు తీస్తున్న చిచ్చా ఆగాడు.

"ఏంది పాపా అది, ఇంగ్లీషులో ఖవ్వాలీ పాడతాండావు?"

"కారు ప్రకటన చిచ్చా. మజిల్ కారు. అంటే కండల కారు. పొడుగు ముక్కు, రెండే తలుపులు, పెద్ద ఇంజను. వాళ్ల తాతల కాలంలో కుర్రాళ్లు పందేలకు తోలేవాళ్లంట. ఇప్పుడు ముసలాళ్లయ్యాక ఎంతైనా పెట్టి కొంటున్నారు."

"ఏం రాసినాడు దాంట్లో?"

"అరిజోనా బండి, పుట్టినప్పటి నుంచి ఎడారిలోనే ఉంది, తుప్పు లేదు అని."

"అరిజోనా ఎట్లుంటాది?"

"ఎండ. రాళ్లు. ముళ్ల చెట్లు. వాన లేదు."

"మన కడప మాదిరి. మరి మన బండ్లకు ఆ రేటు యాల రాదు?" అని నిజంగానే బాధపడ్డాడు. తర్వాత గోడ మీదికి వంగి, "ఫోటో చూపీ" అన్నాడు.

చూసి, కారు గురించి ఏమీ అనలేదు. "నేల ఎందుకు తడిసుండాది?" అన్నాడు.

"వానొచ్చి ఉంటుంది."

"ఇప్పుడే గదా వాన లేదంటివి?"

ఫోటో పెద్దది చేశాను. ఒక మూల నీళ్ల పైపు కొన కనిపించింది. బండి మీద నీళ్లు కొట్టి, ఆరకముందే ఫోటో తీశారు. "తడిసిన బండి ఏదైనా మెరుస్తాది పాపా. సంతకు తోలుకపోయే ముందు ఎద్దుకు నూనె రాసేది అందుకే. ఫోటో అబద్ధం చెప్పదు. ఒక పక్కకు తిరిగి నిలబడతాది, అంతే" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. మర్నాడు ఇంకో ప్రకటన పట్టుకుని నేనే గోడ దగ్గరికి పోయాను.

అలా మొదలై అది అలవాటైంది. సాయంత్రాలు షెడ్డుకు పోయేదాన్ని. ఆయన చాయ్‌ని సాసరులో పోసుకుని ఊదుకుంటూ వింటాడు, నేను చదివి తెలుగులో చెబుతాను. ఎక్కడో భూమికి అవతలి పక్క, మన ముఖం చూడని మనిషి, ఆలూరు సంతలో మనిషి చేసినట్టే చేయడం ఇద్దరికీ వింతగా ఉండేది. కొనేవాడు వచ్చేలోపు ఇంజనును వేడి చేసి పెడతారని, చల్లటి ఇంజను మొదట చేసే చెడ్డ చప్పుడు అప్పుడు వినపడదని ఒకడు ఫోరంలో మొరపెట్టుకున్నాడు. చదివి చెబితే చిచ్చా సాసరు కింద పెట్టేసి, "కాలు పట్టేసిన ఎద్దును పొద్దున్నే దూరం తిప్పి తెస్తారు. కాలు కాగినాక కుంటదు. ఈ తెల్లోళ్లకు మా నాయన యాడ కనపడినాడు?" అన్నాడు. చిన్న మోడల్ కారుకు పెద్ద మోడల్ పేరు పలక బిగించి అమ్ముతారని చెబితే, మామూలు గిత్తకు కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగి ఒంగోలుదని చెప్పిన వాళ్ల మామ కథ చెప్పాడు. ఆ కథ చాలా పొడుగు. చివరికి ఆ గిత్తే మామను పొడిచింది.

కొట్టంలో దొరికిన బండి అని కొన్ని ప్రకటనలుంటాయి. ఎవరో రైతు తాత చనిపోయాక గడ్డి కింద దొరికిందని, దాని విలువ తమకు తెలియదని, దుమ్ము కూడా దులపలేదని రాస్తారు. అవి నాకు చాలా ఇష్టం. చిచ్చాకు అవంటే భయం. "దుమ్మంతా ఒకే మాదిరి పడినాది చూడు. స్టీరింగు మీద ఉండాది, సీటు మీద ఉండాది. సీటు సందుల్లో ల్యా. తోలుకొచ్చినాక చల్లినాడు. ఏమీ తెలియనోడి మాదిరి నిలబడేవాడు సంతలో అందరికన్నా డేంజరు" అన్నాడు.

జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉండేది ఆయనకు. పాత స్పీకర్లోది. బండి చుట్టూ తిరుగుతూ మాటల్లో మాటగా దాన్ని తలుపుకు ఆనించేవాడు. రంగు కింద ఇనుము బదులు మట్టిలాంటి లప్పం ఉంటే అది అంటుకోదు. ఇంట్లో చాచీ గుండుసూదులు, పిన్నీసులు ఏవి మాయమైనా ఆ జేబులోనే తేలేవి. "నిఖా అయినప్పటి నుంచి నా సూదులన్నీ దొంగతనం చేసినాడు ఈ మనిషి. బండ్లకు పరీక్షలు పెడతాడంట బండ్లకు" అని చాచీ నాతో చాడీ చెప్పేది.

ఒకరోజు చదివిన ప్రకటన మాత్రం వేరు. అమ్మేవాడు ముందే రాసుకున్నాడు: నిజాయితీగా చెప్పాలంటే వెనక బంపర్ మీద చిన్న గీత ఉంది, ఫోటో కూడా పెడుతున్నాను, తర్వాత నన్ను అనకండి అని. "ఈయన మంచోడు చిచ్చా" అన్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గైంది. చాచీ నీళ్లు తెచ్చింది.

అప్పుడు చెప్పాడు వాళ్ల సంత రివాజు. బేరం మాటలతో జరగదు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎంతకు కుదిరిందో ఇద్దరికే తెలుస్తుంది. అయితే తువ్వాలు కప్పే ముందు అమ్మేవాడు ఎద్దులో ఉన్న తప్పు ఒకటి అందరూ వినేట్టు పైకి చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ చేయి ఇవ్వరు. చెప్పాక కొనేవాడు వెనక్కి పోకూడదు. "తప్పు చెప్పి తువ్వాలు కప్పు అని మా నాయన మాట" అన్నాడు.

"మంచి పద్ధతే కదా చిచ్చా."

"మంచిదే. అందుకే దాన్ని అడ్డం పెట్టుకునేది. చెడ్డదాన్ని అడ్డం పెట్టుకుని మోసం చేస్తే ఎవడు నమ్ముతాడు? చెవి చినిగినాది అని చెప్తాడు. అందరూ చెవి చూస్తారు. మెడ మీద పూసల పట్టీ కింద కాడి పుండు ఎవడూ చూడడు. ఒక తప్పు చెప్పినాడంటే, ఇంకోటి ఏందని అడుగు పాపా. అంతే. అడిగేది నేర్చుకుంటే సాలు."

ఇక ఆయన సొంత బండి గురించి చెప్పాలి. షెడ్డు చివర టార్పాలిన్ కింద ఒక అమెరికన్ కారు ఉండేది. అచ్చం మేం చదువుకునే ప్రకటనల్లోని బండి లాంటిది. నీలం రంగు, ముక్కు మీంచి వెనక దాకా రెండు తెల్ల చారలు, లోపల ఎర్ర తివాచీ. ఏనాటిదో. శుక్రవారం నమాజుకు పోయే ముందు టార్పాలిన్ తీసి, బయట నిలబడే కిటికీలోంచి చేయి పెట్టి స్టార్టు చేసేవాడు. వీధంతా అదిరేది. "నేను దగ్గితే ఇనపడదు. ఆ బండి దగ్గితే ఉరుకుతాడు" అనేది చాచీ. దాన్ని అమ్మలేదు, తోలలేదు. ఒక్కసారి కూర్చుంటానని నేను ఎన్నిసార్లు అడిగినా, "సీటు పాతది, చినిగిపోతాది" అనేవాడు. దాని వెనక ఎడమ లైటు అద్దం పగిలి ఉండేది. ఊళ్లో ప్రతి బండికీ లైట్లు మార్పించే మనిషి తన బండి లైటు ఎందుకు మార్చుకోడో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, "ఉండనీలే. దాని పని దానికుండాది" అనేవాడు. పగిలిన లైటుకు పనేమిటి? చాలాకాలం ఆ ప్రశ్న నాతోనే తిరిగింది.

పోయినేడు ఆయనకు గుండె జబ్బు బయటపడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను పిలిపించి, "బండి అమ్మేస్తా పాపా. నేను ఉండంగానే అమ్మాల. నేను పోయినాక ఎవడో ఒకడొచ్చి మీ చాచీకి ఏదో ఒకటి చెప్పి తోలుకపోతాడు. ప్రకటన నువ్వు రాయి. మొదటి మాట నేను చెప్తా: వాన చూడని బండి" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలు. మిగతాది నేను అల్లాను: రాయలసీమ ఎండలో ఏళ్ల తరబడి ఆరిన అమెరికన్ ఇనుము, ఇన్నేళ్లూ ఒకే షెడ్డు, ఒకే యజమాని, వారం వారం పలికే ఇంజను. వెనక ఎడమ లైటు పగిలింది, ఫోటో చూడండి. చదివి వినిపిస్తే కళ్లు మూసుకుని విన్నాడు. "శానా బాగుండాది. నాకే కొనాలనిపిస్తాండాది" అన్నాడు. అప్పుడు ఆయన గొంతులో ఏదో ఒక చిన్న వంకర వినపడింది. జబ్బు మనిషి కదా అనుకున్నాను.

కొనడానికి జమ్మలమడుగు నుంచి ఒక కుర్ర ఫోటోగ్రాఫర్ వచ్చాడు. గండికోటలో పెళ్లికి ముందు ఫోటోలు తీస్తాడు. పెన్నా లోయ అంచున ఎర్రరాళ్ల మీద జంటల్ని నిలబెట్టి తీసే ఫోటోలు మీరూ చూసే ఉంటారు. అతను కారు చుట్టూ తిరిగి, ముక్కు మీద చేయి వేసి అలాగే ఉండిపోయాడు.

"చిచ్చా, ఆడ ఇప్పుడు చెట్టుకొక ఫోటోగ్రాఫరు. కొత్తది ఏమీ లేకపోతే ఈ యేడు నా షాపు మూసుకునేదే. ఈ బండి ఉంటే సీజనంతా నాదే. పెండ్లికొడుకునీ పెండ్లికూతురునీ కూర్చోబెట్టుకుని జమ్మలమడుగు నుంచి కోట దాకా నేనే తోల్తా. ఆ మలుపుల్లో డ్రోన్ పెట్టి తీస్తే, అబ్బ."

చిచ్చా షెడ్డులో వేసుకున్న మంచం మీంచి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. ఆయన మొహంలో రక్తం వచ్చినట్టుంది. చాలా రోజుల తర్వాత అలా చూశాను.

"బండి చూసినావు గదప్పా. తప్పు ఒకటి చెప్పాల. ఎనక లైటు పగిలినాది. ముందే చెప్తాండా. తర్వాత చిచ్చా చెప్పల్యా అనొద్దు."

"అదేం తప్పు చిచ్చా? ఇంత నిజాయితీగా చెప్పేవాళ్లు యాడుండారు?" అని ఫోటోగ్రాఫర్ చేయి చాపాడు. చిచ్చా ఆ చేతిని పట్టుకుని పైన తువ్వాలు కప్పాడు.

నేను టార్పాలిన్ మడతపెడుతున్నాను. చేతులు ఆగిపోయాయి. పగిలిన లైటు పని ఏమిటో ఇన్నాళ్లకు కనిపించింది. చిచ్చా నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. తువ్వాలు కింద వేళ్లు కదలడం మొదలైంది.

"చిచ్చా, ఇంకోటి ఏంది?" అన్నాను.

ఫోటోగ్రాఫర్‌కు ఏమీ అర్థం కాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చిచ్చాకు కోపమొస్తుందనుకున్నాను. ఆయన తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని, నెమ్మదిగా కారు దగ్గరికి పోయి, తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. తివాచీ అంచు పట్టుకుని పైకి లాగాడు.

కింద కారు లేదు. షెడ్డు నేల ఉంది. దాని మీద చీమలు బారు కట్టి పోతున్నాయి. చుట్టూ అంచుల్లో ఇనుము అప్పడం మాదిరి పొరలు పొరలుగా ఎగిసిపోయి ఉంది.

"కాలు పెడితే?" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"కాలు రోడ్డు మీద ఉంటాది."

"సీట్లో కూర్చుంటే?"

"సీటుంటాది. దాన్ని పట్టుకునేది ల్యా. ఆ మలుపుల్లో ఏమైతాదో నాకు తెలీదు. తెలీదని గూడా నీకు చెప్పకుండా చేయి కలిపితి."

"నేను పెండ్లిపిల్లను కూర్చోబెడదామనుకుంటి చిచ్చా దీంట్లో" అన్నాడతను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. చిచ్చా తల దించుకుని అలాగే మోకాళ్ల మీద ఉన్నాడు.

ఆ బండి కథ అప్పుడు చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు పేపర్లో ప్రకటన చూసి మద్రాసు పోయాడు. మొదటి మాట వాన చూడని బండి. అమ్మేవాడు బండి చూపించి, దిగులుగా వెనక్కి తీసుకుపోయి, "తప్పు ముందే చెప్పాలి, ఈ లైటు పగిలింది" అన్నాడట. "నాకు మా సంత కనపడినాది పాపా. తప్పు చెప్పినాడు, మన మాదిరి మనిషి అనుకుంటి. చెప్పినాక ఎనక్కి పోకూడదు గదా. ఇంకేం చూడల్యా. వేరేవాడైతే కిందికి దూరి చూసుండేవాడు. నేను దళారి కొడుకును, అందుకే చూడల్యా. వాడు అబద్ధం గూడా చెప్పల్యా. బండి షెడ్డులోనే ఉండె. వాన చూడల్యా. సముద్రం చూసినాది. పుట్టినకాడి నుంచి ఉప్పు గాలి తాగినాది. తివాచీ ఎత్తింది మీ చాచీ, ఈడికొచ్చినాక, ఊడ్చేదానికి."

"ఇన్నేళ్లు ఎందుకు ఉంచుకున్నావు?"

"నాకు ఏసిన గాలానికి ఇంకోడు పడాలని. లైటు అందుకే మార్చల్యా. ఎన్నేండ్లు కాసుకున్యానో. పడినాక చూస్తే ఈ పిల్లోడు."

"నేనేం పిల్లోణ్ని కాదు" అన్నాడు ఫోటోగ్రాఫర్.

చిచ్చా నా వైపు తిరిగాడు. "ఆ పొద్దు మద్రాసులో నా పక్కన ఇట్ల అడిగేది ఒకటి ఉండింటే" అన్నాడు.

చాచీ చాయ్ పళ్లెంతో వచ్చి, లేచి ఉన్న తివాచీ చూసి గుమ్మంలోనే ఆగింది. "చెప్పేసినాడా?" అని నన్ను అడిగింది. తల ఊపాను. పళ్లెం కింద పెట్టి, ఆయన కప్పులో ఒక చెంచా చక్కెర వేసి కలిపింది. డాక్టరు చక్కెర మాన్పించి అప్పటికి ఎంతో కాలమైంది.

చాయ్ తాగుతూ ఫోటోగ్రాఫర్ కారు చుట్టూ ఇంకొకసారి తిరిగాడు. ఈసారి వంగి, కిందికి దూరి, ఫోను లైటు వేసి చూశాడు. బయటికొచ్చి చొక్కా దులుపుకుని, "తోలేదానికి వద్దు చిచ్చా. నిలబెట్టి ఫోటో తీసేదానికి పనికొస్తాదా?" అన్నాడు.

"నిలబడేదానికి నాకన్నా ఎక్కువ కాలం నిలబడతాది."

"అయితే తువ్వాలు కప్పు."

రెండోసారి తువ్వాలు కప్పారు. ఎంతకు కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు. చిచ్చా ఒకటే షరతు పెట్టాడు: తివాచీ ఇవ్వను. దాన్ని చుట్టి చాచీ చేతికిచ్చాడు. చాచీ ఉతికి గడప ముందు వేసింది. పోయినవారం అందరూ చెప్పులు విడిచింది దాని మీదే.

బండి లారీ ఎక్కి పోయాక ఆయన ఎక్కువగా మంచం మీదే ఉన్నాడు. ఒకరోజు, ఆ ప్రకటన మళ్లీ రాయమన్నాడు. అమ్ముడుపోయిన బండికి ప్రకటన ఎందుకు చిచ్చా అంటే, "నేను ఇనేదానికి" అన్నాడు. రాసి చదివాను: ఈ బండి వాన చూడలేదు, సముద్రం చూసింది. లోపల నేల లేదు. లైటు కూడా పగిలింది. ఇంజను పలుకుతుంది, ప్రయాణం చేయదు. దగ్గర నిలబడితే అందంగా ఉంటుంది. ఆయన పైకి చూస్తూ విని, "ఇది చదివి ఎవడు కొంటాడు?" అన్నాడు.

"కొన్నారు కదా."

ఆయనకు ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు నవ్వాడు. "ఔను గదా" అన్నాడు. దీన్ని అర్థం చేసుకుందామని నేను చాలాసార్లు ప్రయత్నించాను. ఆ నవ్వు సిగ్గా, సంతోషమా? ఒక దళారికి తన జీవితంలో తెలియని బేరం ఒకటి చివర్లో కనిపించిన వింతా? అడుగుదామనుకున్నాను. అడగడం నేర్పినవాడినే అడగకుండా మిగిలిపోయింది అదొక్కటి.

మొన్న ఒక్కదాన్నే బస్సెక్కి గండికోట పోయాను. మబ్బు పట్టి ఉంది. లోయకు కొంచెం ఇవతల, ఎర్రరాళ్ల మధ్య నీలం కారు నిలబడి ఉంది. అద్దాలన్నీ దించి ఉన్నాయి. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన జంట ఒకటి దాని పక్కన నిలబడి ఉంది, అమ్మాయి చీర సర్దుకుంటోంది. నన్ను చూసి ఫోటోగ్రాఫర్ చేయెత్తాడు. చిచ్చా సంగతి అతనికి ముందే ఫోన్లో చెప్పాను.

"లోపల కూర్చోని ఒకటి తీయన్నా" అంది పెళ్లికూతురు.

"కూర్చోకూడదు మా. కింద నేల ల్యా" అని తలుపు తెరిచి చూపించాడతను. ఆ అమ్మాయి వంగి చూసి, "అయ్యో, కింద గడ్డి మొలిచినాది" అని నవ్వింది. పెళ్లికొడుకు కూడా వంగి చూశాడు. ఫోటోగ్రాఫర్ ఆ వంగిన ఇద్దరినీ ఫోటో తీశాడు. అతని దగ్గర ఎక్కువ మంది అడిగేది ఇప్పుడు ఆ ఫోటోనేనట.

అంతలో చినుకులు పడ్డాయి. అమ్మాయి చీర కుచ్చిళ్లు పట్టుకుని కోట గుమ్మం వైపు పరుగెత్తింది, వెనకే పెళ్లికొడుకు, వాళ్ల వెనక కెమెరాను చొక్కాలో దాచుకుంటూ ఫోటోగ్రాఫర్. గొడుగు లేకపోయినా నేను అక్కడే నిలబడ్డాను. వాన కారు ముక్కు మీద, తెల్ల చారల మీద, పగిలిన లైటు మీద పడింది. తెరిచిన తలుపులోంచి, దించిన అద్దాల్లోంచి లోపలికి కొట్టింది. సీట్ల అంచుల మీంచి జారి, నిలవకుండా, కింద మొలిచిన గడ్డి మీద పడుతోంది.